వెడల్పు తెరలో రాత్రి

ఎడారిలోని ఇరికీ ఎండు మడుగు నిండిన వరద సంవత్సరం అది. మా తరమంతా ఒంటెలు నడిచిన నేల మీద నీళ్ళు నిలిచాయని, ఎక్కడివో తెల్ల పక్షులు వచ్చి వాలాయని జనం చెప్పుకున్నారు. ఇటు వార్జజాత్ పట్నం వైపు మా వాగు కూడా అప్పుడే పొంగింది. మా ఇంటి కింది గది గోడ నానిపోయి కూలింది. లోపలి టీవీ బురదలో మునిగింది. మిగిలినవి వంటగది, మేము పడుకునే గది, మేడ మీద గది.

మేడ మీద గదిలో నేను కూర్చునేవాణ్ణి. ఒంటెలు అమ్మేశాక నా పొద్దంతా అక్కడే. దానికి మనిషి ఛాతీ అంత వెడల్పు కిటికీ ఒకటి ఉంది. అందులోంచి వాగు, ఖర్జూరపు తోట, అవతల ఎర్ర కొండ కనిపించేవి. వరద తర్వాత వాగు దారి మార్చుకుంది. రోజుకో పాయ అటు జరిగేది, ఇటు జరిగేది. అది ఎక్కడ నిలకడగా పారుతుందా అని చూస్తూ ఉండేవాణ్ణి. నేను మాటల మనిషిని కాను.

మా ఊరి దగ్గర సినిమాలు తీస్తారు. వాటికి ఒంటెలు తోలుకెళ్ళేవాణ్ణి. ఒకసారి ఎవరో నన్ను శవంగా పడుకోమన్నారు. కదలకుండా పడుకోవడం నాకు బాగా కుదిరింది. అప్పట్నుంచి ఎవరు ఏ యుద్ధం తీసినా నన్ను పిలిచేవారు. బాణం తగిలిన శవం, దాహంతో పోయిన శవం, ఇసుకలో సగం పూడిన శవం, అన్నీ చేశాను. నా భార్య పేరు ఇత్తో. ఆమె తమ్ముడు మోహాకు ఇదొక వేళాకోళం. మా బావ బతికి సంపాదించిన దానికంటే చచ్చి సంపాదించిందే ఎక్కువ అని ఊరంతా చెబుతాడు.

నా కూతురు పేరు తుదా. తనదీ సినిమాల పనే. తీసిన బొమ్మలకు రంగు సరిచేస్తుంది. మధ్యాహ్నం తీసినదాన్ని సందెవేళ చేయగలదు. కొన్నేళ్ళు కాసాబ్లాంకాలో చేసి, తిరిగి వచ్చేసింది. ఎందుకొచ్చావని వాళ్ళమ్మ అడిగితే, అక్కడ రాత్రి నారింజ రంగులో ఉంటుందమ్మా, నలుపు ఎలా ఉంటుందో మరిచిపోతున్నాను అంది. ఇక్కడ పని చేస్తూ చేస్తూ లేచి డాబా ఎక్కుతుంది, కాసేపు ఆకాశం చూస్తుంది, దిగి మళ్ళీ పనిలో కూర్చుంటుంది.

ఆ ఏడు ఒక కాసాబ్లాంకా కంపెనీ వాళ్ళు తమ సినిమాలోని రాత్రి ఘట్టాలు తుదాకు పంపారు. అవి నచ్చితే సినిమా అంతా తనదే. ఆమె రాత్రిని చేసి పంపింది, వాళ్ళు వెనక్కి పంపారు. మళ్ళీ చేసింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. తప్పు తన కంటిది కాదు, తను పని చేసే కంప్యూటర్ తెరది. ఆ పాత తెరలో నలుపు చల్లారిన పొయ్యిలో బూడిదలా ఉండేది. ఎక్కడ చీకటి, ఎక్కడ నీడ, దానికి తెలియదు. కంపెనీ వాళ్ళు చివరికి, నువ్వే వచ్చి మా తెర ముందు కూర్చో, వారం తిరిగేలోపు రా, గది కూడా మేమే ఇస్తాం అన్నారు. వెళితే ఇక ఆ పని అక్కడే, ఆమె ఉండేదీ అక్కడే. తుదాకు వెళ్ళాలని లేదు. ఇత్తోకు పంపాలని లేదు. నాకూ లేదు. నేను ఆ మాట అనలేదు.

శుక్రవారం నమాజు అయ్యాక మోహా కుస్కుస్ భోజనానికి వచ్చాడు. వాడికి బజారులో టీవీలు, డిష్ పెట్టెలు, ఫోన్లు అమ్మే కొట్టుంది. వస్తూ మూడు చక్రాల బండిలో, రెండు దుప్పట్లు చుట్టి, పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు ఒక తెరను తెచ్చాడు. రెండు మామూలు తెరలు పక్కపక్కన పెట్టినంత వెడల్పుంది. అంచులు మనవైపు కాస్త వంగి ఉన్నాయి. దీన్ని ఓలెడ్ అంటారని, ఇది ఉంటే తుదా ఎక్కడికీ వెళ్ళక్కర్లేదని, కొట్టులో చూపించడానికి పెట్టిన తెర కాబట్టి కొత్తదాని ధరలో సగానికే ఇస్తానని చెప్పాడు.

దాన్ని మేడ మీద గదిలో పెట్టాం. ఇంకెక్కడ పెడతాం. తుదా ఒక పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చుంది. తెర గురించి మంచి చెప్పినప్పుడు ఒక ఖర్జూరపు గింజ ఒక పక్కన, చెడు చెప్పినప్పుడు ఒక బాదం పెంకు రెండో పక్కన వేసింది. చిన్నప్పుడు గొర్రెల బేరం దగ్గర నేను చేయడం చూసి నేర్చుకున్న పద్ధతి అది.

మోహా గింజలన్నీ తన పక్కకు రావాలని గబగబా చెప్పాడు. ఇందులో ప్రతి చుక్కకూ దాని దీపం దానికే ఉంటుంది, నలుపు కావాలంటే ఆ దీపం ఆరిపోతుంది, మిగతా తెరల్లా వెనకాల వెలుగు పెట్టి ముందు గుడ్డ కప్పడం కాదు అన్నాడు. సినిమా బొమ్మ ఈ చివర నుంచి ఆ చివరకు నిండుగా పడుతుంది, పైనా కిందా పట్టీలు మిగలవని తుదాయే ఇంకో గింజ వేసింది. తర్వాత పెంకులు మొదలయ్యాయి. చిన్న అక్షరాల అంచున ఎరుపూ పచ్చా పీచు లేస్తుందని ఒకటి. మా ఊరి దుమ్ముకు ఒకటి. ఇత్తో తన తలగుడ్డ కొంగుతో తుడవబోతే మోహా అడ్డం పడ్డాడు, గీత పడుతుందట. దానికి ఇంకో పెంకు పడింది.

"తుడవకూడని సామాను ఇంట్లో ఎందుకురా" అంది ఇత్తో. "మీ బావను కూడా నేను తుడుస్తాను."

తెర వెలిగించారు. మధ్యాహ్నపు ఎండ కిటికీ నిండా ఉంది. తెరలో సినిమా కనిపించలేదు, కిటికీ కనిపించింది. ఖర్జూరపు తోట కనిపించింది, వాగు మెరుపు కనిపించింది, వాటి ముందు నా తలపాగా కనిపించింది. నలుపు ఉండాల్సిన చోట ఉడికిన వంకాయ తొక్క రంగు ఉంది. తుదా ఒక పెంకు వేసింది.

నేను కిందికి వెళ్ళి, పాత గుడారం గుడ్డ తెచ్చాను. మేక వెంట్రుకలతో మా అమ్మ నేసింది. గోడ మేకులకు కట్టి తెర మీదుగా దించి, అందులోకి దూరాం. తుదా, నేను, మా వెనక మోహా. ఇత్తో బయటే ఉండి, ముగ్గురూ ఊపిరాడక పోతే ఎవరికి చెప్పుకోను అంది.

తుదా కంపెనీ వాళ్ళు పంపిన రాత్రి ఘట్టాన్ని తెర మీదికి తెచ్చింది.

మొదట ఏమీ లేదు. తెర వెలిగిందో లేదో కూడా తెలియలేదు. తర్వాత ఎక్కడో ఒక చుక్క, దానికి దూరంగా ఇంకొకటి. నక్షత్రాలు. తెర అంచులు ఎక్కడున్నాయో కనిపించలేదు. గుడారం గుడ్డ నలుపూ, తెర నలుపూ ఒకటైపోయాయి. చిన్నప్పుడు గొర్రెలతో పైకి వెళ్ళినప్పుడు అమ్మ ఈ గుడ్డనే ఒక పక్కకు తొలగిస్తే ఇలాగే ఉండేది. మెల్లగా కింద రాళ్ళ నేల తేలింది. నేల మీద ఒక మనిషి పడి ఉన్నాడు. అతని చెప్పు ఒకటి ఊడి ఉంది. చెయ్యి రాయి మీద ఉంది. ఆ చెయ్యి నాది.

వరదకు ముందటి వసంతంలో, ఒంటెలు అమ్మకముందు తీశారు దాన్ని. కళ్ళు మూసుకుని పడుకోమన్నారు, పడుకున్నాను. వీపు కింద రాళ్ళ చలి గుర్తుంది, దూరంగా నా ఒంటె గొణగడం గుర్తుంది. కానీ ఆ రాత్రిని నేను చూడలేదు. నా మీద అన్ని నక్షత్రాలున్నాయని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు గుడారంలో కూర్చుని, నేను పడుకున్న రాత్రిని నేనే చూశాను. నా పక్కన కూతురు ఊపిరి వినిపిస్తోంది. తెరలోని నేను కదలలేదు. తెర బయటి నేనూ కదలలేదు. ఎంతసేపో తెలియదు. గాలికి గుడ్డ కాస్త లేచి, వాగు చప్పుడు వచ్చింది. అది లోపలి వాగో, బయటి వాగో అనిపించింది.

"నాన్నా" అంది తుదా మెల్లగా, "నలుపంటే ఇది."

తర్వాత ఆమె తెరను పరీక్షించడానికి ఒక ఖాళీ పేజీ పెట్టింది. ఏమీ లేని బూడిద రంగు. ఆ బూడిద మధ్యలో ఒక చతురస్రం కనిపించింది. చుట్టూ ఉన్నదానికంటే ఒక పిసరు తెల్లగా ఉంది. దాని పై భాగంలో ఒక సన్నటి గీత అడ్డంగా ఉంది. తుదా పేజీ మార్చింది. చతురస్రం పోలేదు. వెనక మోహా దగ్గాడు.

"మామయ్యా, కొట్టులో దీని మీద ఏం పెట్టావు?"

మోహా చెప్పాడు. మా బజారులో ఏ కొట్టుకు వెళ్ళినా తెర మీద మక్కా ఉంటుంది. బోణీకి ముందు పెడతారు, తలుపు మూసేదాకా తీయరు. అందరూ అక్కడి ప్రత్యక్ష ప్రసారం పెడితే, వీడు అది కూడా ఎందుకని ఒక కదలని బొమ్మ పెట్టాడు. కాబా బొమ్మ. ఏడాదిగా పగలంతా అదే ఉంది. చుట్టూ ఉన్న తెల్లటి పాలరాయి చోట దీపాలు వెలిగి వెలిగి నీరసించాయి. కాబాను కప్పిన నల్లటి గుడ్డ చోట దీపాలు వెలగనే లేదు కాబట్టి అవి కొత్తగానే ఉన్నాయి. ఆ గీత గుడ్డ మీద బంగారు జరీ పట్టీ. అక్కడి దీపాలు మాత్రం వెలిగాయి.

ఈ మాట విని ఇత్తో గుడారంలోకి వచ్చింది. ఆ చతురస్రాన్ని చూసింది. వేళ్ళ చివర్లు తెరకు దగ్గరగా తీసుకెళ్ళి, తాకకుండా, పెదవులకు ఆనించుకుంది.

"నల్లగా ఉన్న చోటే వెలుగు దాక్కుంది" అంది.

ఆ తర్వాత ఇత్తో మాట మారలేదు. ఈ తెర మీద సినిమాలు పెట్టడానికి వీల్లేదు. వాటిలో తాగుతారు, ముద్దులు పెట్టుకుంటారు, ఆ దేవుడి ఇంటి మీద అవన్నీ తిప్పుతారా అంది. తుదా కూడా, బొమ్మ మధ్యలో మచ్చ ఉంటే నా పనికి రాదు మామయ్యా అంది. మోహా ముఖం చిన్నబోయింది. దీన్ని అమ్మితే పాపం, పారేస్తే ఇంకా పాపం, ఉంచుకుంటే కొట్టుకు దండగ అన్నాడు.

"మాకిచ్చెయ్" అంది ఇత్తో. "నా టీవీ వరదలో పోయింది కదా. మేం పడుకునే గదిలో పెట్టుకుంటాను. నీకు బర్కత్ వస్తుంది, కొట్టు కలిసొస్తుంది."

"బర్కత్ కోసమేనే అక్కా ఏడాదిగా పెట్టాను. వచ్చింది చూడు" అన్నాడు మోహా. కానీ ఇచ్చేశాడు.

మళ్ళీ టీ కాచారు. పళ్ళెం మళ్ళీ మధ్యకు వచ్చింది. ఇప్పుడు ప్రశ్న కొత్త తెర గురించి. మార్రకేష్ నుంచి మర్నాడే తెప్పిస్తానన్నాడు మోహా, డబ్బు ఈ సినిమా అయ్యాక ఇమ్మన్నాడు. కొత్తదానికీ మచ్చ పడదా అని ఇత్తో అడిగింది. పడుతుందనే చెప్పింది తుదా. తను వాడే పనిముట్ల పట్టీలు తెర మీద ఎప్పుడూ ఒకే చోట ఉంటాయి, కొన్నేళ్ళకు వాటి నీడ మిగులుతుంది. ఆర్పి ఆర్పి వాడుకుంటే ఆలస్యంగా పడుతుంది. దానికి పెంకు వేసి, గుడారంలో చూసిన రాత్రికి గింజ వేసింది. ఆ గింజను ఒక్కదాన్నే మిగతా వాటికి దూరంగా పెట్టింది.

తర్వాత ఒక పెంకు చేతిలోకి తీసుకుంది. వెయ్యలేదు. అది దేనికో అందరికీ తెలుసు. ఎండ గదిలో ఆ తెర అద్దం. పగలంతా గుడారం కింద కూర్చుంటే, వేసవిలో మనిషి రొట్టెలా కాలిపోతాడు. పరదా కడితే పక్కల నుంచి వెలుగు దూరుతుంది.

"ఆ కిటికీ మూసేస్తే అయిపోయె కదా" అన్నాడు మోహా.

"అది నాన్న కిటికీ" అంది తుదా.

నేను టీ తాగాను.

"అడిగి చూడవే" అన్నాడు మోహా, నేను అక్కడ లేనట్టు.

"అడిగినా ఏం చెబుతాడు" అంది ఇత్తో. "పెళ్ళికి ఒప్పుకుంటావా అని మా నాన్న అడిగితే తల ఊపాడంతే. ఎండకు ఊపాడేమోనని మేం వారం రోజులు అనుమానపడ్డాం."

తుదా నవ్వింది. చేతిలోని పెంకును పెంకుల కుప్ప మీద పెట్టింది. "వద్దు మామయ్యా, తెప్పించకు. రేపు మధ్యాహ్నం బస్సుకు నేను కాసాబ్లాంకా వెళ్తాను. ముందు ఈ సినిమా పని అవనీ" అంది. పళ్ళెం ఎత్తుకుని వంటగదిలోకి వెళ్ళింది. మోహా చెప్పులు వేసుకున్నాడు. ఇత్తో వాడి బండి దాకా వెళ్ళి, ఏదో చెబుతూ నిలబడింది. నేను కిటికీ దగ్గర కూర్చున్నాను. వాగు ఆ రోజు రెండు పాయలుగా ఉంది. ఎడమ పాయలో ఒక తెల్ల కొంగ నిలబడి ఉంది. మడుగు నుంచి దారి తప్పి వచ్చిందేమో. చీకటి పడేదాకా అది కదలలేదు.

మర్నాడు తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక కింది గదిలోకి వెళ్ళాను. కూలిన గోడ మట్టి కుప్పగా ఉంది. నీళ్ళు పోసి, గడ్డి కలిపి, కాళ్ళతో తొక్కాను. విరగని ఇటుకలు ఏరి మేడ మీదికి మోశాను. ఇత్తో మెట్ల దగ్గర నిలబడి చూసింది. గిన్నెలో మట్టి అందించింది.

కిటికీలో పేర్చిన మొదటి ఇటుకల వరసకు వాగు పోయింది. తర్వాత తోట పోయింది, చెట్ల తలలు చివరిగా పోయాయి. తర్వాత కొండ. కొంచెం ఆకాశం మిగిలితే దాని మీద చివరి ఇటుక పెట్టాను. సందుల్లో అరచేత్తో మట్టి మెత్తాను. తలుపు మూసి, నేల మీద వెల్లకిలా పడుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. తెరిచాను. ఏమీ తేడా లేదు.

లేచి, తలుపు తీసి, తుదాను పిలిచాను.