తలకి పెట్టుకునేవి

మా ఆయనకి బట్టతల అని నాకు తెలుసు. నాకు తెలుసన్న సంగతే ఆయనకి తెలియదు. ఏళ్ల తరబడి ఆయన స్నానాల గదికి గడియ పెట్టుకుని విగ్గు సవరించుకుంటాడు. నేను వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తూ ఏమీ ఎరగనట్టు ఉంటాను. అబద్ధమాడే మనిషిని భరించవచ్చు. ఆ అబద్ధాన్ని నమ్మే పని మనకి అప్పగించి, పైగా మన అమాయకత్వం చూసి జాలిపడే మనిషిని భరించడం కష్టం.

కొంతకాలంగా ఆయన కుడికన్ను మసకబారుతోంది. కంటి వెనక గడ్డ ఉందేమో, ఎమ్మారై తీయించమన్నాడు డాక్టరు. ఒంటిమీద లోహం ముక్క కూడా ఉండకూడదని ముందురోజే ఫోన్ చేసి చెప్పారు.

"తలకి పెట్టుకునేవి కూడా తీసెయ్యాలట," అన్నాను.

"అది ఆడవాళ్ల సంగతి," అన్నాడు, గోడవైపు చూస్తూ.

స్కానింగ్ గది ముందు ఉంగరం, గడియారం, బెల్టు తీసి, మాతో వచ్చిన తన తమ్ముడి చేతిలో పెట్టాడు. పక్కనున్న ముసలావిడకి పాఠం మొదలుపెట్టాడు.

"లోపల ఉండేది పెద్ద అయస్కాంతం అమ్మా. చిన్న పిన్నీసునైనా లాగేస్తుంది. ఈ జనానికి ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు."

ఆవిడ నిబ్బరంగా కట్టుడు పళ్లు ఊడదీసి కూతురికిచ్చి, బోసినోటితో నావైపు చూసి నవ్వింది. నా పక్కనున్న మనిషికి ఆ నవ్వులో నలుసంత ధైర్యమైనా లేదు.

ఆయన వంతు వచ్చింది. ముందుగదిలోకి నేనూ వెంట వెళ్లాను. టెక్నీషియన్ చేతిలోని పరికరం ఒళ్లంతా తడిమి, తల దగ్గర కూత పెట్టింది.

"మీ మిషను పాడైనట్టుంది," అన్నాడు ఆయన.

"మిషను బాగానే ఉంది సార్. తలమీద క్లిప్పులున్నాయి. తీస్తేనే లోపలికి."

"ఇవాళ నాకు ఊపిరాడనట్టుంది. ఇంకో రోజు వస్తాం."

"మళ్లీ ఖాళీ వచ్చేసరికి నెల పడుతుంది సార్."

ఆయన నావైపు తిరిగాడు. ఎప్పటిలాగే నేను కాపాడతాననుకున్నాడు.

"పదండి ఇంటికి," అన్నాను. "నెలయ్యాక రెండో కంటితో దారి వెతుక్కుంటూ వద్దాం. క్రాపు మాత్రం చెదరదు."

ఆయన ముఖంలో రంగు మారింది. టెక్నీషియన్ నేలకేసి చూశాడు.

"నువ్వు బయటికి వెళ్లు," అన్నాడు ఆయన నాతో చివరికి.

ముక్కూ మొహం తెలియని వాడు చూడవచ్చు, నేను మాత్రం చూడకూడదు. వెళ్లి బయట కూర్చున్నాను. కాసేపటికి తలుపు సందులోంచి ఆయన చెయ్యి, లోపల ఏదో పెట్టి ఉండలా చుట్టిన చొక్కా అందించింది.

"జాగ్రత్త. విప్పకు."

తలుపు మూసుకుంది. యంత్రం దడదడ మొదలైంది. నా ఒళ్లో ఆ ఉండ వెచ్చగా ఉంది.

"వదినా, ఏంటది?" అన్నాడు మా మరిది.

"మీ అన్నయ్య పరువు," అన్నాను. "కదపకు, పడుకుంది."