సున్నా నిమిషాలు

"ఆరు నెలల్లో సున్నా నిమిషాలు," అన్నాడు ఆయన.

ఆమె అప్పుడు ఉతికి ఆరిన బట్టల గుట్ట ముందు కూర్చుని మేజోళ్లకు జతలు వెతుకుతోంది. ఇంట్లో ఉన్నది ముగ్గురే అయినా ఆ మేజోళ్లు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే తేలేవి. ఏం సున్నాయో, ఎవరి నిమిషాలో ఆమెకు వెంటనే తట్టలేదు. తలెత్తి చూస్తే భర్త భోజనాల బల్ల దగ్గర కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, ఫోన్‌ను చేయి చాపినంత దూరంలో పట్టుకుని ఉన్నాడు. ఆదివారం ఉదయం. నెలనెలా దేనిదేనికి డబ్బు పోతోందో చూసి, పనికిరానివన్నీ తీసేస్తానని కాఫీ తాగుతూనే ప్రకటించాడు. ఆయన చూసే ఆటల ఛానెల్ మాత్రం ఎవరూ అడగకముందే పనికొచ్చేవాటిలో చేరిపోయింది.

"నీ వెల్‌నెస్ ఆప్ సంగతే చెప్తున్నా. రిపోర్టు పంపారు. శ్వాస పాఠాలు సున్నా. ఒళ్లు సాగదీసే క్లాసులు సున్నా. మనసు డైరీ సున్నా. మరి రోజూ సాయంత్రం తలుపేసుకుని నలభై నిమిషాలు లోపల ఏం చేస్తున్నట్టు?"

సోఫాలో కూర్చున్న అత్తగారు టీవీ గొంతు తగ్గించింది.

ఆయన బీమా కంపెనీల తరఫున నష్టాలు అంచనా వేసే సర్వేయరు. గుద్దుకున్న కార్ల చుట్టూ తిరిగి, ఎక్కడెక్కడ సొట్టలు పడ్డాయో చూసి, దీనికింత, దానికింత అని రాసిస్తాడు. మనిషి చెడ్డవాడు కాదు. గొంతెత్తి ఎరగడు. కానీ ఇంటికొచ్చాక కూడా ఆ చూపు కళ్లలోంచి దిగేది కాదు. మార్చాల్సిన పనిలేదు, సరిచేస్తే సరిపోతుంది అన్నది ఆయనకు పెదవుల మీదే ఉండే మాట. కిటికీ గురించీ అదే అనేవాడు, ఆమె నడుంనొప్పి గురించీ అదే అనేవాడు.

ఆరు నెలల కిందట ఆమె చెయ్యి వణికింది. పళ్ల సెట్లు తయారుచేసే ల్యాబులో ఆమెది పద్దెనిమిదేళ్ల ఉద్యోగం. దంతవైద్యులు పంపిన అచ్చులు చూసి, మైనంతో పన్ను తర్వాత పన్ను చెక్కుతుంది. ముందుపన్ను అంచు వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా మనిషి నవ్వు మారిపోతుందని ఆమెకు తెలుసు. అలాంటి చెయ్యి ఒక మధ్యాహ్నం కత్తి పట్టుకుని ఆగకుండా వణికింది. డాక్టరమ్మ నాడి చూసి, నాలుగు ప్రశ్నలు వేసి, "ఒంట్లో రోగమేం లేదమ్మా. మీకు విశ్రాంతి లేదు. రోజుకో గంట ఎవరికీ అందకుండా కూర్చోండి," అంది. మందులు రాసివ్వలేదు.

దాంతో ఇంట్లో చిక్కొచ్చిపడింది. మాత్రయితే వేళకు మింగి ఊరుకునేది. విశ్రాంతి అంటే మరొకరెవరో లేవాలి. "ఊరికే కూర్చుంటే విశ్రాంతి అయిపోతుందా? దేనికైనా ఒక పద్ధతుండాలి," అని ఆయన రెండ్రోజులు వెతికి, అందరూ మెచ్చుకున్న ఆప్ ఒకటి చూసి డబ్బు కట్టాడు. చెల్లెలికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాడు. చుట్టాలు ఆమెకు ఎప్పుడో ఓపికమ్మ అని పేరు పెట్టారు. ఓపిక అంటే సహనమూ అవుతుంది, సత్తువా అవుతుంది. సహనం ఉంది కాబట్టి సత్తువ కూడా ఉండే ఉంటుందని ఆ ఇంట్లో అందరూ అనుకునేవారు. ఇంకా ఓపిక పెంచే ఆప్ కొనిచ్చాడని ఆడపడుచు ఫోన్లో తెగ మురిసిపోయింది.

మొదటిరోజు ఆమె బుద్ధిగానే కూర్చుంది. పడగ్గదిలో మంచానికీ బీరువాకూ మధ్య నేల మీద బాసింపట్టు వేసుకుని ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే, తేనె పూసినట్టున్న గొంతొకటి, "మీకు బాగా ఇష్టమైన ప్రశాంతమైన చోటు ఒకటి ఊహించుకోండి," అంది. ఆమె కళ్లు మూసుకుని ఊహించబోయింది. సముద్రం రాలేదు, కొండలూ రాలేదు. తాను కూర్చున్న ఆ నేలే కనబడింది. వేసిన తలుపు, చల్లటి గచ్చు, వీపుకు ఆనుకున్న బీరువా. అటువైపు నుంచి ఎవరూ పిలవడం లేదు. ఆశ్చర్యపోయి కళ్లు తెరిచింది. నిజంగానే ఎవరూ పిలవడం లేదు. పాఠం నిమిషమైనా నిండకముందే ఆ గొంతును ఆపేసి చెవులు రిక్కించింది. కూర గిన్నె మూత ఎక్కడుందని గొణుగుతున్న తల్లికి ఆయన నచ్చజెపుతున్నాడు. "క్లాసులో ఉందమ్మా. డబ్బు కట్టిన క్లాసు, మధ్యలో లేపకూడదు."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె మూసుకున్న ఏ తలుపయినా ఎవరో ఒకరు తట్టకుండా ఉండలేదు. స్నానాల గది తలుపు అవతల నిలబడి కరెంటు బిల్లు ఎక్కడ పెట్టావని అడిగిన ఇల్లది. జ్వరంతో దుప్పటి ముసుగేసుకుంటే, "పడుకున్నావా?" అని తట్టి లేపి మరీ తెలుసుకున్న ఇల్లది. అలాంటిచోట ఆమె సమయానికి మొదటిసారి విలువొచ్చింది, దానికో బిల్లు ఉంది గనక. ఆ రోజునుంచి ఆమె పాఠం పెట్టలేదు. ఉత్తి ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని బీరువాకు ఆనుకుని కూర్చునేది.

మొదట్లో రేపటి పనులే కళ్లముందు కదిలేవి. పాలవాడు, గ్యాసు, అత్తగారి మోకాలి కట్టు. మూడు వారాలయ్యాక వాటికే విసుగొచ్చి రావడం మానేశాయి. అప్పుడు మెల్లగా ఆమెవి అనుకోదగ్గ ఆలోచనలు రావడం మొదలెట్టాయి. పని నేర్చుకునే రోజుల్లో మిగిలిన మైనంతో గుర్రాలు చేసేదాన్నని గుర్తొచ్చింది. కుడికాలు ఎత్తి నిలబడ్డ గుర్రాన్ని చూసి గురువుగారు బల్ల మీద పెట్టుకున్నారు. తనకు ఈల వేయడం వచ్చునని గుర్తొచ్చింది. తన కింద పని నేర్చుకున్న కుర్రాణ్ని పోయినేడు తన పైన సూపర్‌వైజరును చేసినప్పుడు, అభినందనలు చెప్పి టీ కూడా తనే పెట్టిందని గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. ఒక్కోరోజు ఏడుపొచ్చేది. ఒక్కోరోజు ఏదీ వచ్చేది కాదు, అవే అన్నిటికన్నా మంచి రోజులు. రెండో నెలకు చెయ్యి వణకడం ఆగిపోయింది.

ఇదంతా ఇప్పుడు మేజోళ్ల గుట్ట ముందు కూర్చుని ఎలా చెప్పడం?

"ఏమీ చేయడం లేదండీ," అంది.

"ఏమీ అంటే?"

"ఏమీ. ఊరికే కూర్చుంటున్నా."

అత్తగారు బుగ్గ నొక్కుకుంది. "ఊరికే కూర్చుందట. ఇన్నాళ్లూ ఏదో నేర్చుకుంటోంది కదాని ఆ వంటింట్లో నేను ఒంటిచేత్తో నెట్టుకొస్తుంటే."

ఆయనకు కోపం కన్నా మోసపోయానన్న బాధ ఎక్కువగా ఉన్నట్టుంది. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, "ఏమీ చేయకుండా ఉండడానికి ఎవరైనా డబ్బు కడతారా?" అన్నాడు.

ఆమె మరో మేజోడు చేతిలోకి తీసుకుంది. ఆ ప్రశ్న సరైనదేనని తోచి, దాన్ని లోపలే దాచుకుంది.

సాయంత్రానికి ఆయన ఒక దారి కనిపెట్టాడు. ఏడాదికి కట్టేసిన డబ్బు వృథా పోకూడదు కాబట్టి రేపటినుంచి పాఠాలు నిజంగానే చేయాలి. లోపల కాదు, హాల్లో. అందరికీ కనబడేలా, ఫోన్ టీవీకి తగిలించుకుని. వారం చూసి ఉంచాలో తీసేయాలో తేల్చుకుందామన్నాడు.

సోమవారం ఆమె హాల్లో చాప పరిచింది. టీవీలో ఒక అమ్మాయి తెల్లగా నవ్వుతూ, "మీ శ్వాసను గమనించండి," అంది. ఆమె గమనించబోయేలోగా ఆయన ముందే గమనించేశాడు. "పైపైన పీలుస్తున్నావు. కడుపు కదలాలి." మంగళవారం, "మీ చుట్టూ నిశ్శబ్దం పరుచుకుంటోంది," అని ఆ అమ్మాయి అంటున్నప్పుడే, టీ వడపోసేది ఎక్కడ పెట్టావమ్మాయ్ అని అత్తగారు వంటింట్లోంచి కేకేసింది. ఆమె కళ్లు తెరవకుండానే చెప్పింది. అయినా దొరకలేదు. లేచి వెళ్లి తీసిచ్చి మళ్లీ వచ్చి కూర్చుంది. బుధవారం ఆప్‌లో ముప్ఫై నిమిషాలు పడ్డాయి, పక్కన పచ్చటి టిక్కు. "చూశావా," అన్నాడాయన తృప్తిగా, "ఇప్పుడు వర్కవుట్ అవుతోంది."

గురువారం ల్యాబులో ఆమె కుడిచెయ్యి మళ్లీ వణికింది.

కత్తి కింద పెట్టి ఆ చేతిని చాలాసేపు చూసింది. అదేం చెడిపోలేదు. ఇంట్లో ఏం జరుగుతోందో అందరికన్నా ముందు దానికే తెలిసినట్టుంది. అంతలో యజమాని తలుపు దగ్గరకొచ్చి, ఎప్పటిలాగే మర్యాదగా, "ఇద్దరు డాక్టర్లు వచ్చారమ్మా. మీ చేతి టీ ఉంటే బావుంటుంది," అన్నాడు. గదిలో మరో నలుగురు పనిచేస్తున్నారు, అందరూ మగవాళ్లే. సూపర్‌వైజరు కుర్రాడు ఫోన్ చూసుకుంటున్నాడు.

"మైనం వేడి మీద ఉందండీ, వదిలేస్తే గట్టిపడిపోతుంది," అంది ఆమె. "సూపర్‌వైజరు గారు ఖాళీగానే ఉన్నారు. ఆయనకు టీ పెట్టడం నేనే నేర్పాను, బాగా పెడతారు."

కుర్రాడు ఎర్రబడి లేచాడు. యజమాని నవ్వేశాడు. ఇదేదో సరదాకి అన్నదనుకున్నాడు. ఆమె నవ్వలేదు. టీ రానే వచ్చింది, ఆమె బల్ల మీదికి కూడా ఒకటి వచ్చింది. కాస్త నీళ్లగా ఉంది. తాగింది.

మధ్యాహ్నం భోజనం వేళ మెట్ల మీద కూర్చుని ఆప్ కంపెనీకి ఫోన్ చేసింది. రద్దు చేయాలంది. అవతల ఒకమ్మాయి, "ఎందుకు మేడమ్, మా సేవలు నచ్చలేదా?" అంది.

"బావున్నాయమ్మా. చాలా పనికొచ్చాయి."

"మీ ఖాతాలో ఈ వారం వరకూ సున్నా నిమిషాలున్నాయి మేడమ్."

"అవి సున్నాగా ఉన్నన్నాళ్లూ పనికొచ్చాయి."

అమ్మాయి కాగితం చూసి చదువుతున్న గొంతుతో సగం ధరకు ఇస్తామంది, మూడు నెలలు ఉచితమంది. చివరికి స్వరం తగ్గించి, "మేడమ్, ఇది రికార్డవుతుంది గానీ, సున్నా నిమిషాలకు ఏం పనికొచ్చాయో నాకు చెప్తారా?" అంది.

"నా గది తలుపు ఎవరూ తట్టకుండా చూసుకున్నారు మీరు. ఇకమీదట అది నేనే చూసుకుంటాను. రద్దు చేసెయ్యి తల్లీ."

"అలాగేనండీ," అందా అమ్మాయి. ఈసారి అది కాగితంలోని మాటలా లేదు.

మిగిలిన నెలల డబ్బు తిరిగొస్తుందని ఆ సాయంత్రం విని ఆయన నిజంగానే సంతోషించాడు. "మంచి పని చేశావు. అసలిది మనకు అవసరం లేనిదే," అన్నాడు. ఆమె చేతులు తుడుచుకుని, గడియారం చూసి, పడగ్గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. గడియ పెట్టింది. చెవుల్లో ఈసారి ఏమీ పెట్టుకోలేదు.

రెండు నిమిషాలకు తట్టాడు. "క్లాసు తీసేశావుగా?"

"తీసేశాను."

"మరి లోపలెందుకు?"

"ఊరికే. ఏడూ పదికి వస్తాను."

"ఒంట్లో బాలేదా?"

"బావుందండీ."

"మరి వంట?"

"కూరగాయలు బుట్టలో ఉన్నాయి. కత్తి దాని పక్కనే ఉంది."

అవతల ఆయన పాదాల నీడ తలుపు కింద కాసేపు నిలబడింది. ఇన్నాళ్లూ ఆ తలుపు ఆగింది ఆయన కట్టిన డబ్బు మీదనే. ఇప్పుడు దాని వెనక ఆమె తప్ప ఇంకేం లేదు. లేచి గడియ తీసేద్దామనిపించింది. కాళ్లు ముడుచుకుని అలాగే కూర్చుంది. మళ్లీ తట్టాడు, ఈసారి కొంచెం గట్టిగా. మూడోసారి తట్టలేదు. నీడ కదిలిపోయింది. కాసేపటికి వంటింట్లో ఏదో గిన్నె కిందపడిన చప్పుడు, ఎవరూ తీయకపోతే ఆయనే వంగి తీసిన చప్పుడు.

వారం పాటు ఇల్లు మొహం మాడ్చుకుంది. ఆడపడుచు ఫోన్ చేసి, ఓపికమ్మకు ఏమైందని వాళ్లమ్మను అడిగింది. ఉప్పెక్కువైన కూర, ఉప్పులేని కూర ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఆమె రెండూ తింది. బాగోలేదని అనలేదు, బావుందనీ అనలేదు.

ఎనిమిదో రోజు తలుపు మీద మెల్లగా, గోటితో గీకినట్టు చప్పుడైంది. అత్తగారు.

"అమ్మాయ్, నేను. కాసేపు నన్నూ రానీ. ఓ మూల కూర్చుంటాను, మాట్లాడను."

ఆమె మనసు మెత్తబడింది. డెబ్బై ఏళ్ల మనిషి. హాల్లో సోఫాయే ఆవిడ గది, ఆవిడ పక్క. గడియ మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి ఆగింది. ఇప్పుడు తీస్తే ఆవిడ మోకాలి నొప్పి లోపలికొస్తుంది, కూతురి కబుర్లొస్తాయి, టీవీలో చూసిందంతా వస్తుంది. ఇలా జాలిపడి ఇచ్చేస్తూనే ఇన్నేళ్లూ పోయాయి.

"ఇప్పుడు కాదత్తయ్యా. ఇది నాది," అంది తలుపు ఇవతల నుంచే. "ఏడూ పదికి నేను బయటికొస్తాను. అప్పుడు మీరొక్కరే వెళ్లండి, గడియ పెట్టుకోండి. నేను కూడా తట్టను."

అత్తగారికి కోపం వచ్చిందనుకుంది. ఏడూ పదికి తలుపు తీస్తే, అత్తగారు సోఫా దిండు చంకలో పెట్టుకుని గోడకానుకుని నిలబడి ఉంది. మొహంలోకి చూడకుండా, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, లోపలికి నడిచింది. గడియ పడింది. అలవాటు లేని చెయ్యి కదా, రెండుసార్లు పడింది.

వంటింట్లోంచి ఆయన గరిటతోనే వచ్చాడు. మూసిన తలుపు వంక, బయట నిలబడ్డ భార్య వంక మార్చి మార్చి చూశాడు.

"లోపల అమ్మా? ఒక్కత్తే ఏం చేస్తోంది?"

"నాకెలా తెలుస్తుందండీ," అంది ఆమె. "మీరు మాత్రం తట్టకండి."