పిన్ను మోసే బరువు

నా డ్రాయింగులో లేని ముక్క వ్యాన్ కింద కనిపించేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

వెనక చక్రం పక్కన, ఛాసిస్‌కు అతికిన బ్రాకెట్ మీద అరచేయంత ఇనుప పలక. అటువైపు కూడా అలాంటిదే ఇంకొకటి. ఎవరు వేశారో అడగనక్కర్లేదు. బండ్లు మార్చి కట్టే మా షెడ్డులో వెల్డింగ్ చేసేది మా అక్క మొగుడొక్కడే.

వ్యాన్ అక్క కోసమే. పద్నాలుగు నెలల కిందట ప్రమాదంలో ఆమె నడుము విరిగింది. సోమవారం నుంచి మళ్లీ బడికెళ్లి పాఠాలు చెప్పాలని పట్టుబట్టింది. చక్రాల కుర్చీతో నేరుగా లోపలికి ఎక్కాలి, దారిలో గుంతలొచ్చినా వెన్నుకు తెలియకూడదు. వ్యాన్ నేలను అంత కిందికి దించితే ఇరుసు మీద, కుదుపును మింగే గాలి తిత్తికి చోటు మిగలదు. అందుకని కాంటిలివర్ గీశాను. బ్రాకెట్‌లో దూర్చిన పిన్ను మీద ఊగే ఒక ఇనుప చేయి. దాని పొడుగు కొసను చక్రం పైకి తోస్తే, పొట్టి కొస పక్కకు జరిపి పెట్టిన తిత్తిని నొక్కుతుంది. నాలుగు నెలలు కూర్చుని గీశాను.

ప్రమాదం రోజు బండి నడిపింది ఆయనే. స్టీరింగ్ ముందు ఒక్క కునుకు తీశాడు. ఆయన ఒంటి మీద గీత కూడా పడలేదు. ఆ రోజు నుంచి ఆయన్ని నేను బావా అని పిలవలేదు.

"ఏంటిది?" అన్నాను.

"ఊరికే వేశా. గట్టిగా ఉంటుందని."

"ఊరికే వేయడానికి ఇదేమైనా కిటికీ చువ్వా? లెక్క కట్టి గీశాను. పీకేయండి."

"అమ్మాయ్, ఒక్క మాట..."

"మీ మీద నమ్మకం పెట్టుకుని అక్క ఇప్పుడు ఎందులో కూర్చుందో చూస్తూనే ఉన్నాంగా."

ఆయన ముఖం పాలిపోయింది. గ్రైండర్ తీసుకుని కిందికి దూరాడు. పలకలు రెండూ ఊడి పడేదాకా నేను అక్కడే నిలబడ్డాను. నాకు హాయిగా అనిపించింది కూడా.

మా షెడ్డులో ఒక కట్టుబాటుంది. బండి మొదటిసారి కదిలినప్పుడు, దాన్ని గీసినవాళ్లే అందులో కూర్చోవాలి. ఎక్కబోతుంటే ఆయన తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"ముందు ఇసుక బస్తాలతో చూద్దాం."

"అంత అనుమానమైతే అలాగే చూడండి!"

అక్క కుర్చీ ఉండాల్సిన చోట బస్తాలు పేర్చాం. ఆయన వ్యాన్‌ను చెక్క దిమ్మ మీదుగా నడిపాడు. మొదటిసారి మెత్తగా దాటింది. రెండోసారి ఫెళ్లుమని చప్పుడైంది. వ్యాన్ ఎడమవైపు కుప్పకూలింది, బస్తాలు తలుపుకు కొట్టుకుని చిరిగాయి.

కింద దూరి చూశాను. బ్రాకెట్ వెల్డింగ్ అంచున అట్టముక్కలా చిరిగిపోయింది. లెక్కల కాగితం అక్కడే విప్పాను. చక్రం తోసేది ఐదు వందల కిలోలు, తిత్తి తోసేది వెయ్యి. రెండూ సరిగ్గానే ఉన్నాయి. పిన్ను దగ్గర మాత్రం ఒక్క చక్రం బరువే రాసుకున్నాను. ఊగుడు బల్లకు రెండు కొసల్లో ఇద్దరు పిల్లలు కూర్చుంటే నడిమి కడ్డీ ఇద్దర్నీ మోయాలని పసిపిల్లకు కూడా తెలుసు. పదిహేను వందలు మోయాల్సిన బ్రాకెట్‌ను ఐదు వందలకు గీశాను.

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అయినా నోరు ఊరుకోలేదు.

"తెలిసీ చెప్పలేదేం?"

"లెక్క నాకెక్కడ తెలుసు? చూస్తే పలచగా అనిపించింది," అన్నాడాయన. తర్వాత, పద్నాలుగు నెలల్లో మొదటిసారి, గొంతు చించుకుని అరిచాడు. "మొన్న చెప్పబోయా, నిన్న చెప్పబోయా! నా మాట నీ చెవికి ఎక్కితేగా? తప్పు చేశాను, నోరు మూసుకున్నాను. ఎన్ని తిట్టినా పడ్డాను. కానీ పొద్దున ఆ పలక పీకకుండా ఉండాల్సింది. నువ్వు తిడతావని భయపడి పీకాను. తిడితే దానికి తిట్టు!"

నేను తిట్టలేదు. లోపల, అక్క కూర్చోవాల్సిన చోట, ఇసుక నేలంతా పరుచుకుని ఉంది.

మూడు రోజులు పట్టింది. లెక్క మళ్లీ కట్టాను, బ్రాకెట్లు మందం చేశాం, ఆయన పలకలకు కొత్త డ్రాయింగులో చోటిచ్చాను. ఇసుక బస్తాలతో ఇరవైసార్లు దిమ్మ దాటించాం. ఆదివారం మధ్యాహ్నం అక్క షెడ్డు గుమ్మంలో కుర్చీ ఆపుకుని చూస్తోంది.

"తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటుంది ఇది," అంది నన్ను చూపించి. "గీసిందిగా, ఎక్కమను."

ఎక్కి, ఆమె కుర్చీ ఉండాల్సిన చోట నేల మీద కూర్చున్నాను. ఆయన తాళం పట్టుకుని బయటే నిలబడ్డాడు.

"వేరే ఎవరినైనా పిలవనా నడపడానికి?"

నా కోపం పోలేదు. ఆయన మీద ఉన్నదీ పోలేదు, నా మీద ఉన్నదీ పోలేదు.

"నువ్వే నడుపు బావా," అన్నాను. "కునుకు తీశావంటే చంపేస్తా."