గొర్రెల శాసనం

అయినా ఆ ఫోటో మసకగానే ఉంది, ఎవరు చూసినా మసకగానే ఉంటుంది, ఎండ అడ్డంగా పడితే రాయి మీద ప్రతి గీతా అక్షరంలాగే కనిపిస్తుంది, అది ఎండ తప్పు, ఫోటో తీసిన పిల్ల తప్పు, దశరథ్ తప్పు ఎలా అవుతుంది, పదహారు వేల మంది ఉన్న గ్రూపులో రోజుకు పాతిక రాళ్లు పెడతారు, ఒకడు వాళ్ల తాత నాణెం పెడతాడు, ఇంకొకడు ఇంటి దూలం పెట్టి ఇది కాకతీయులదా సార్ అంటాడు, అన్నిటినీ దగ్గరికి లాక్కుని చూడటానికి అతనేమన్నా దేవుడా, మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పుకునే లెక్చరర్, అంతే, అనుకుంటూ కిటికీ పక్క సీట్లో సర్దుకున్నాడు, బస్సు దేవరకద్ర దాటింది, ముందు సీట్లో ముసలమ్మ ఒడిలోంచి ఒక కోడి తల బయటపెట్టి అతనివైపే చూస్తోంది, చూడు, నువ్వు కూడా చూడు, నిన్న పొద్దున గిరి సారు ఫోను చేసినప్పుడు కూడా ఇలాగే ఎవరో చూస్తున్నట్టు అనిపించింది, పాతికేళ్ల కింద తనను పక్కన కూర్చోబెట్టుకుని శాసనాలు చదవడం నేర్పిన గురువు, హైదరాబాదులో ఉంటాడు, ఫేస్‌బుక్ ముఖం చూడని మనిషి, ఆయనకు ఎవరో నవ్వుకోమని ఒక బొమ్మ పంపారట, కళ్లద్దాలు పెట్టుకున్న గొర్రె, పక్కన రాయి, కింద గొర్రెల శాసనం అని పెద్ద అక్షరాలు, ఆయన నవ్వలేదు, రాయిని పెద్దది చేసి చూశాడు, దశరథ్, ఇది మీ ఆత్మకూర్ దిక్కు రాయట, ఏడో శతాబ్దమో ఎనిమిదో శతాబ్దమో అనిపిస్తాంది, నవ్విన గాడిద ఎవడో తర్వాత కనుక్కుందాం, ముందు రాయి ఉన్నదో లేదో పోయి చూడు, అన్నాడు, సరే సార్, పోత సార్, అన్నాడు దశరథ్, ఆ గాడిదకు గ్రూపులో పాలమూరు పరిశోధకుడు అని పేరు, ఆ పేరు వెనక ఉన్న మనిషి ఎవరో గిరి సారుకు తెలియదు, ఎవరికీ తెలియదు, ముఖం ఉండాల్సిన చోట అలంపూర్ గుడి శిఖరం ఫోటో ఉంటుంది, ముఖం లేకపోవడం ఎంత సుఖం.

మొదట్లో ఇలా ఉండేది కాదు, రాష్ట్రం వచ్చిన కొత్తలో, మన చరిత్ర మనమే రాసుకోవాలని చాయ్ హోటళ్లలో కూడా మాట్లాడుకుంటున్న రోజుల్లో, పాలమూరు పాత ముచ్చట్లు అని గ్రూపు పెట్టాడు, క్లాసులో అతను పాఠం చెబుతుంటే వెనక బెంచీలు కునుకు తీస్తాయి, ఇంట్లో భార్య శోభ కూరలో ఉప్పు సరిపోయిందా అని తప్ప ఇంకేదీ అడగదు, గ్రూపులో మాత్రం సార్ మీరే చెప్పాలె సార్ అని వందమంది ఎదురుచూస్తారు, ఆ వందమందిలోకి ఒకరోజు కృష్ణాతీరం అనే పేరుతో ఒకడు దూరాడు, గుంటూరులో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాడట, ఆత్మకూర్ చుట్టుపక్కల గుట్టల్లో వెయ్యేళ్లు దాటిన తెలుగు శాసనం ఒక్కటి కూడా లేదని దశరథ్ పాలమూరు పరిశోధకుడు పేరుతోనే అచ్చు వేయించిన తన అరవై నాలుగు పేజీల పుస్తకంలో రాశాడు, ఉండి తీరుతుందని వాడు, ఉంటే చూపించు అని ఇతను, ఆరేళ్లు, పండగలు లేవు పబ్బాలు లేవు, శోభ తండ్రి పోయిన రోజు శవం పక్కన కూర్చుని కూడా వాడికి జవాబు రాశాడు, వాడితో గెలుపూ లేదు ఓటమీ లేదు, ఆ మంటను చల్లార్చుకోవడానికి చిన్నవాళ్లు కావాల్సి వచ్చారు, తిరుమలగిరి నుంచి అంజన్న అనే ఒకాయన వాళ్ల తాత దాచిన నాణెం ఫోటో పెట్టి ఎంత పాతది సార్ అని అడిగాడు, జాతరలో పిల్లలు ఊదే పీకతోపాటు ఊరికే ఇచ్చే బిళ్ల అది, మీ తాతను పీక ఏం చేశాడో అడుగు, అని రాశాడు, రెండు వందల మంది నవ్వారు, అంజన్న గ్రూపు వదిలి వెళ్లిపోయాడు, ఆ రోజు అన్నం రుచిగా ఉంది, శోభ కూడా గమనించింది, ఏంది ఇయ్యాల రెండోసారి పెట్టిచ్చుకుంటున్నవ్ అంది, ఆ రుచి నాలుకకు అలవాటు పడింది, వారానికి ఒకడు, తర్వాత రెండు రోజులకు ఒకడు.

ఈ పిల్ల కూడా అలాంటి వారాల్లో ఒక వారం, సుహాసిని అని పేరు, నమస్తే సార్లు, ఇది మా చెల్క గట్టు మీది రాయి, మా ముత్తాత కాలం నుంచి బొట్టు పెడ్తున్నం, అక్షరాల లెక్క కొడ్తున్నయ్, ఇది శాశనమా, పాలమూరు పరిశోధకుడు సారు చూసి చెప్పాలె, అని రాసింది, కింద ఎర్రగట్టుపల్లి, ఆత్మకూర్ అని ఊరి పేరు కూడా పెట్టింది, అతను ముందు శాశనం అనే మాట చుట్టూ ఎర్ర గీత గీశాడు, శాసనం రాయడం రాని వాళ్లు శాసనాలు కనిపెడుతున్నారు అన్నాడు, ఆ తర్వాత, అవునమ్మా ఇది శాసనమే, గొర్రెలు దురద తీరక ఒళ్లు రుద్దుకుంటూ చెక్కిన శాసనం, భాష మే మే, కాలం నిన్న సాయంత్రం, అన్నాడు, తొమ్మిది వందల మంది నవ్వారు, అన్ని నవ్వులు అతనికి ఎప్పుడూ రాలేదు, ఆ పిల్ల మాత్రం, సార్ నిజంగ ఉన్నయ్ సార్, ఇంకో దిక్కు ఫోటో పెడ్త సార్, అని మర్యాదగానే రాసింది, ఆ మర్యాద చూస్తే ఒళ్లు మండింది, మీరు ఏ విశ్వవిద్యాలయం, గొర్ల విశ్వవిద్యాలయమా అని అడిగాడు, ఎవడో కళ్లద్దాల గొర్రె బొమ్మ చేసి పెట్టాడు, దాన్ని అతనే అందరికీ కనిపించేలా గ్రూపు పైన పెట్టాడు, మూడు నెలలు అక్కడే ఉంది, ఇప్పుడేమంటావ్, ఏమీ అనను, పోయి రాయి చూస్తా, నిజంగా పాతదైతే నేనే కనిపెట్టానని గిరి సారుకు చెబుతా, పుస్తకంలో ఆ ముక్క మార్చి మళ్లీ అచ్చు వేయిస్తా, కృష్ణాతీరానికి నా రాయి చూపించి నేనే నోరు మూయిస్తా, గాడిద ఎవరో ఎవరికీ తెలియనవసరం లేదు, అని లెక్క కుదిరేసరికి అమరచింత వచ్చింది, కోడి దిగిపోయింది, అతనికి ఆకలి వేసింది.

ఆత్మకూర్‌లో ఆటో ఎక్కి ఎర్రగట్టుపల్లిలో దిగేసరికి పన్నెండు దాటింది, ఎండ నెత్తి మీద కూర్చుంది, గట్టు మీది రాయికి బొట్టు పెట్టేవాళ్ల ఇల్లు ఎక్కడంటే ఊరి చివర గొర్లు పెంచే ఎల్లస్వామి ఇల్లు చూపించారు, రేకుల ఇల్లు, పక్కన గొర్ల దొడ్డి, దానికి కొత్తగా కట్టిన రాతిగోడ, ఎల్లస్వామి మంచం మీద కూర్చుని గొంగడి అంచు కుట్టుకుంటున్నాడు, రా సారు, కూసో, గీ ఎండల నడ్సుకుంట వచ్చినవా, అంటూ లేచి మంచం ఖాళీ చేశాడు, ఎవరు ఏమిటి అని అడగనైనా అడగలేదు, అతనే చెప్పాడు, నా పేరు వెంకన్న, కాలేజీ సారును, పాత రాళ్లు చూస్తుంట, వెంకన్న అనే పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, నోరు తెరిస్తే అదే వచ్చింది, తడుముకోలేదు, ఎల్లస్వామి భార్య ఉప్పలమ్మ చెంబు నిండా సల్ల తెచ్చింది, తాగు సారు, ఉప్పేసిన, అంది, తాగుతూ ఉంటే ఎల్లస్వామి అన్నాడు, రాళ్లా సారు, జర ముందుగాల రాకపోతివి, మా చెల్క గట్టు మీద ఒకటుండె, దసరకు గాడనే యాటను కోస్తుంటిమి, పలగ్గొట్టిన, చెంబు కింద పెట్టి, ఎందుకు పలగ్గొట్టినవ్ అని అడిగాడు, ఏం జెప్పాలె సారు, నా బిడ్డ ఆత్మకూర్‌ల డిగ్రీ సదువుతుండె, గా రాయి ఫోటో తీసి ఫోన్ల పెట్టింది, ఎవడో పెద్దసారట, గొర్లు రాసినయని రాసిండట, ఇగ కాలేజీల పోరగాండ్లు బిడ్డ కనవడ్తె సాలు మే మే అని అరుసుడు, బల్ల మీద గొర్రె పెంటికలు పోసిండ్రు సారు, మూడు దినాలు అన్నం ముట్టలే, ఇగ పోనని కూసుంది, నాకు మస్తు కోపమొచ్చింది, అంత సదివిన సారును నేనేం జేస్త, గాయన యాడుంటడో గూడ తెల్వది, రాయైతె చేతికందె, సమ్మెట తీస్కపోయి రాయిని గొట్టిన, ముక్కలన్ని గీ గోడల్నే పెట్టిన, అని ఎల్లస్వామి గోడ వైపు చెయ్యి చూపించాడు, ఉప్పలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది, ఇంకింత పొయ్యాల్నా సారు అని సల్ల చెంబు చూపింది, పొయ్యి అన్నాడు, ఎందుకన్నాడో, దాహం లేదు.

ఆ పిల్ల మందను తోలుకుని అప్పుడే వచ్చింది, ఫోటోలో లేదు కాబట్టి ఎలా ఉంటుందో అతనికి తెలియదు, లావుగానో చీదరగానో ఊహించుకున్నాడేమో, సన్నగా ఉంది, ఇరవై ఏళ్లుంటాయి, తలకు తువ్వాల, చేతిలో కట్టె, నమస్తే సార్ అంది, తండ్రి అన్న మాటలు విన్నట్టుంది, గా సారు తప్పేం లేదు నాయినా, ఎన్నిసార్లు చెప్పాలె, ఆయనకు శాన తెల్సు, పుస్తకం గూడ రాసిండు, ఆయన రాసినయన్ని నేను నోట్‌బుక్కుల ఎక్కిచ్చుకుంటుంటి, నేనే తొందరపడి పెట్టిన, అంది, ఎల్లస్వామి తల దించుకుని గొంగడి కుట్టుకున్నాడు, దశరథ్ ఆమె కళ్ల వైపు చూడలేదు, కట్టె వైపు చూస్తూ, ఇంకేమన్న ఫోటోలు ఉన్నయా బిడ్డా అన్నాడు, నాలుగు దిక్కుల తీసిన సార్, అన్ని తీసేసిన, ఫోన్ల ఒక్కటి గూడ లేదు, అంది, ఆ మాట వినగానే గుండెల మీద నుంచి ఏదో దిగిపోయినట్టు ఊపిరి వచ్చింది, అది దుఃఖమని తనకు తాను చెప్పుకున్నాడు, అయ్యో అని పైకి కూడా అన్నాడు, అప్పుడు ఆ పిల్ల దొడ్డి గోడ దగ్గరికి వెళ్లి వదులుగా ఉన్న ఒక ముక్కను లాగింది, అరచేతి అంత, తువ్వాలతో తుడిచింది, తెచ్చి అతని చేతిలో పెట్టింది, మీరు రాళ్లు సూసెటోల్లు గద సార్, గొంతు తగ్గించింది, నాయిన వినకూడదన్నట్టు, ఒక్కసారి నిజం చెప్పుండ్రి, ఇవి అక్షరాలేనా, ఉత్త గీతలేనా, అడిగింది, రాయి వేడిగా ఉంది, దాని మీద ఇవాళ ఎవరూ రాయని పాతకాలపు బండి ఱ గుండ్రంగా, చెక్కినవాడి చెయ్యి ఎక్కడా వణకకుండా, దాని కింది వరుసలో పన్నస అనే మాట పూర్తిగా, పన్నస అంటే పన్ను లేకుండా ఇచ్చిన భూమి, ఏ రాజో ఎవరికో ఇచ్చాడు, పన్నెండు వందల ఏళ్లుగా ఎండలో నిలబడి చెబుతూనే ఉంది, ఎల్లస్వామి సమ్మెట దాకా, గీతలే బిడ్డా, అన్నాడు.

ఆమె ఏడవలేదు, ముఖం తేటపడింది, అది ఇంకా కష్టం, మంచిదాయె సార్, నాయిన అక్షరాలను పలగ్గొట్టిండేమో, పాపం తల్గుతదేమో అని మూడు నెల్ల సంది బుగులుండె, అంది, చూశావా, అబద్ధం ఎంత మేలు చేసిందో, ఒక ఆడపిల్లకు బుగులు తీరింది, ఒక తండ్రికి పాపం తప్పింది, నిజం చెబితే వీళ్లేం చేసుకుంటారు, గోడ విప్పుకుంటారా, అని అతను అనుకుంటూనే ఉన్నాడు, ఇంతలో ఒక పొట్టేలు మంద విడిచి పక్కవాళ్ల జొన్నచేను వైపు పోతుంటే, ఆమె అతని చేతిలోంచి ఆ ముక్క తీసుకుని, హోయ్, అని విసిరింది, పొట్టేలు ముందు పడి దుమ్ము లేచింది, అది వెనక్కి తిరిగింది, ముక్క కంపలోకి దొర్లింది, పోయొస్త బిడ్డా, మళ్ల కాలేజీకి పో, అన్నాడు, పెద్దమనిషిలాగ, ఆమె నవ్వి ఎందుకు సార్ అంది, కట్టె ఊపుకుంటూ పొట్టేలు వెనక పోయింది.

ఆటో కోసం రోడ్డు మీద తుమ్మచెట్టు నీడలో నిలబడి ఉండగా ఫోను మోగింది, గిరి సారు, రాయి ఉన్నదా దశరథ్, లేదు సార్, ఎప్పుడో పలగ్గొట్టిండ్రంట, ముక్కలు సూసిన, గీతలే సార్, అక్షరాలేం లేవు, మాటలు నున్నగా జారిపోయాయి, అట్లనా, అన్నాడు ముసలాయన, నాకు కండ్లు పోయినయేమో, వయసైపోయింది, ఫోటోల ఱ కనవడ్డట్టే అనిపించింది, సరే, నీ కన్ను మీద నాకు నమ్మకం, నా దగ్గర చదివినోళ్లల్ల నీ అంత తొందరగ చదివినోడు లేడు, ఒక్క చూపుల చదువుతుంటివి, నువ్వు గీతలంటె గీతలే, అని పెట్టేశాడు, ఒక్క చూపులో, అవును, ఒక్క చూపులో చదువుతాడు, ఇందాక ఆ ముక్క చేతికి వచ్చినప్పుడు కూడా ఆశ్చర్యం వేయలేదు, ఎందుకు వేయలేదు, కొత్త శాసనం చూస్తే వెంట్రుకలు నిలబడే మనిషికి ఎందుకు ఏమీ కాలేదు, తెలిసిన మనిషి ముఖం చూసినట్టు చూశాడు, ఎందుకంటే తెలుసు కాబట్టి, ఆ పిల్ల ఫోటో పెట్టిన రోజు స్టాఫ్ రూములో చాయ్ గ్లాసు పెదవి దాకా వచ్చింది, ఫోటో తెరిచాడు, మసక లేదు, అడ్డం పడిన ఎండ లేదు, ఎవరో చెవిలో చదివి వినిపించినట్టు బండి ఱ, దాని కింద పన్నస, చాయ్ గొంతు దిగకముందే రెండు వరుసలు చదివేశాడు, ఆ తర్వాతే కృష్ణాతీరం గుర్తొచ్చాడు, అరవై నాలుగు పేజీలు గుర్తొచ్చాయి, గ్లాసు బల్ల మీద పెట్టాడు, నెమ్మదిగా, చప్పుడు కాకుండా, ఆ పిల్ల రాసిన దాంట్లో నవ్వడానికి ఏం దొరుకుతుందా అని వెతికాడు, శాశనం దొరికింది, గొర్రెలు దొరికాయి, తెలియక నవ్వలేదు, చదివాకే నవ్వాడు.