పుట్టగొడుగుల వాక్యం

యూరప్ దేశాలన్నీ తమ ఆదాయాన్ని ఒకే పద్ధతిలో లెక్కగట్టడానికి ఒక లావుపాటి నియమాల పుస్తకం ఉంది. ఆ పుస్తకాన్ని కాలానికి తగ్గట్టు తిరగరాసే పని మొదలైంది. కంప్యూటర్లలో పోగుపడే సమాచారాన్ని ఆస్తిగా లెక్కేయాలా వద్దా, గాలిమరలను ఏ ఖాతాలో వేయాలి అంటూ దేశదేశాల నిపుణులు కొత్త అధ్యాయాలతో కుస్తీ పడుతున్నారు. అడవులు దండిగా ఉన్న ఒక చిన్న దేశపు రాజధాని విల్నియస్‌లోని గణాంకాల కార్యాలయంలో పనిచేసే స్కైస్తేకి మాత్రం అంత పుస్తకంలోనూ ఒక్క వాక్యం మీదే ప్రాణం. జనం అడవిలో ఏరుకొచ్చి తమ వంటింట్లోనే వండుకుతినే పుట్టగొడుగులూ పండ్లూ కూడా దేశ ఉత్పత్తిలో భాగమేనని చెప్పే వాక్యం అది.

కొత్త ముసాయిదాలో ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేశారు. పక్కనే ‘కాలక్షేపం’ అని ఒకే ఒక్క మాట రాసి ఉంది.

కొట్టేసింది రూలోఫ్ అనే డచ్చాయన. ఆ అధ్యాయం తిరగరాసే బృందానికి ఆయనే పెద్ద. గుమ్మాల దగ్గర తల వంచక తప్పనంత పొడుగు. గడియారం చూసి మాట్లాడతాడు, గడియారం చూసి మానేస్తాడు. కోపం తెచ్చుకోడు, కోపం తెప్పిస్తాడు. సెప్టెంబరులో ఆ బృందం సమావేశం విల్నియస్‌లోనే జరిగింది. “ఆయనతో పెట్టుకోకు తల్లీ, ఆఖరి ప్రతి ఆయన చేతిమీదుగానే పోతుంది” అని స్కైస్తే ఆఫీసు డైరెక్టరు ఆమెను ముందే హెచ్చరించాడు. స్కైస్తే అలాగేనని తలూపింది. శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆ మాట నిలబెట్టుకుంది కూడా.

“సరదాగా నడకకు వెళ్తాం, దారిలో ఏదో కనబడుతుంది, ఇంటికి తెచ్చుకుంటాం. దీన్ని ఉత్పత్తి అంటే రేపు సముద్రం ఒడ్డున గవ్వలు ఏరుకునే పిల్లల్ని కూడా లెక్కలో వేయాలి” అన్నాడు రూలోఫ్. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

స్కైస్తే చెవులు వేడెక్కాయి. “గవ్వలు మేం కూర వండుకోం. మీ దేశంలో అడవి అంటే బెంచీలున్న పార్కు. మా అడవి అలా ఉండదు. రేపు శనివారమేగా, రండి చూపిస్తాను” అంది.

అది పిలుపు కాదు, దెప్పిపొడుపు. రూలోఫ్‌కి ఆ తేడా తెలియదు. జేబులోంచి డైరీ తీశాడు. “నా విమానం ఆదివారం. రేపు ఎన్నింటికి?”

బల్ల అవతల డైరెక్టరు కళ్లు మూసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే స్కైస్తే తన పాత కారులో ఆయన్ని కూర్చోబెట్టుకుని దక్షిణాన వారేనా వైపు బయల్దేరింది. ఆయన మోకాళ్లు డాష్‌బోర్డుకి ఆనుకున్నాయి. దారి పొడవునా తనను తాను తిట్టుకుంటూనే ఉంది. వారేనా దగ్గర ఊళ్లో ఆమె పెద్దమ్మ జెనే ఉంటుంది. పుట్టగొడుగుల కాలమంతా పొద్దున అడవిలో ఏరుతుంది, పది దాటాక రోడ్డు పక్కన ముక్కాలిపీట వేసుకుని అమ్ముతుంది. నోరు మంచిది కాదని ఊరంతా అంటుంది, ఆవిడ కూడా ఒప్పుకుంటుంది.

పెద్దమ్మ గేటు దగ్గర నిలబడి అతిథిని కిందనుంచి పైదాకా చూసింది. “ఇదేంటే, పైన్ చెట్టుకి కోటు తొడిగి తెచ్చావ్? ఈయన వంగగలడా అసలు?”

“ఏమంటున్నారు?” అని రూలోఫ్ ఇంగ్లీషులో అడిగాడు.

“మా ఊరికి స్వాగతం అంటోంది” అంది స్కైస్తే.

ఆయన కాళ్లకు సరిపోయే రబ్బరు బూట్లు ఆ వీధిలో ఎవరింట్లోనూ దొరకలేదు. చివరికి ఆయన ఖరీదైన తోలు బూట్ల మీద ప్లాస్టిక్ సంచులు తొడిగి, చీలమండల దగ్గర పురికొసతో కట్టింది పెద్దమ్మ. చేతికి ఒక బుట్ట, చిన్న కత్తి ఇచ్చి అడవిలోకి తోలింది. దాదాపు నిండిన బకెట్టును రోడ్డు పక్కన తన పీట దగ్గరే వదిలి, పక్క పీట ఆమెను చూస్తుండమని చెప్పి తనూ వెంట వచ్చింది. కొత్తవాళ్లను తన చెట్ల మధ్య ఒంటరిగా వదలడం ఆవిడకు నచ్చదు.

మొదట రూలోఫ్ మ్యూజియంలో నడుస్తున్నవాడిలా చేతులు వెనక్కి కట్టుకుని నడిచాడు. తడిసిన నాచు మీద ప్లాస్టిక్ సంచులు చప్పుడు చేస్తున్నాయి. కాసేపటికి ఒక పైన్ చెట్టు మొదట్లో ఆగాడు. గోధుమరంగు టోపీ, తెల్లటి లావుపాటి కాడ. అడవి పుట్టగొడుగుల్లో రాజు, బరావికస్. ఆయన మోకాళ్ల మీద కూర్చున్నాడు. కత్తితో కోశాడు. అరచేతిలో పెట్టుకుని వాసన చూశాడు. లేచినప్పుడు మొహం మారిపోయి ఉంది.

“ఇంకా ఉంటాయా?” అని అడిగాడు, గొంతు తగ్గించి.

“ఒకటి దొరికిందంటే దగ్గర్లో ఇంకోటి ఉంటుంది.”

ఆయన వంగినవాడు వంగినట్టే ఫెర్న్ పొదల్లోంచి దూసుకుపోయాడు. పిలిస్తే పలకలేదు. స్కైస్తే తన బుట్టలోకి నాలుగు వేసుకుని తలెత్తేసరికి ఆ పొడుగు కోటు ఎక్కడా లేదు.

“పెద్దమ్మా! ఆయనేడీ?”

“అటు పోయాడు, నా చోటు వైపు” అంది పెద్దమ్మ పళ్లు నూరుతూ. “మా ఆయనక్కూడా చూపించకుండా దాచుకున్న చోటు. నీ ముసాయిదాగాడు వాసన పట్టుకుని పోయాడు చూడు!”

ఇద్దరూ ఆ చోటుకి పరుగెత్తారు. కోసిన కాడల మొదళ్లు తప్ప ఏం మిగల్లేదు. మనిషి లేడు. ఫోను కారులోనే వదిలేశాడు. యూరప్ నియమాల పుస్తకం తిరగరాసే మనిషిని పుట్టగొడుగులు చూపిస్తానని తీసుకెళ్లి అడవిలో పోగొట్టానని డైరెక్టరుకి ఏ నోటితో చెప్పాలి? స్కైస్తేకి అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. పెద్దమ్మ కూడా అరిచింది గానీ ఆవిడ అరుపుల్లో పిలుపుకన్నా తిట్లే ఎక్కువ. చివరికి ఊళ్లోవాళ్లను సాయం తీసుకువద్దామని రోడ్డు మీదికి వచ్చారు.

రోడ్డు పక్కన, అమ్ముకునే ఆడవాళ్ల వరసలో, పెద్దమ్మ పీట మీద రూలోఫ్ కూర్చుని ఉన్నాడు. కాళ్లకు ప్లాస్టిక్ సంచులు, జుట్టులో పైన్ సూదులు, చేతిలో నలిగిన నోట్లు. మొహంలో మహా అయోమయం.

“దారి తప్పి ఇటు తేలాను. కాళ్లు లాగుతుంటే కాస్త కూర్చున్నాను” అన్నాడు స్కైస్తేని చూడగానే లేచి నిలబడి. “కారు ఆగింది. ఒక జంట దిగి నా బుట్ట చూపించి ఏదో అడిగారు. అమ్మకానికి కాదని చెయ్యి ఊపాను. వాళ్లు రేటు పెంచారు. మళ్లీ ఊపాను. ఇంకా పెంచారు! చివరికి డబ్బు చేతిలో కుక్కి, బుట్ట దులుపుకుని వెళ్లిపోయారు.”

పక్క పీట మీదామె పొట్ట పట్టుకుని నవ్వుతోంది. “అంత బేరం మేమెవరమూ ఎప్పుడూ ఆడలేదమ్మా! నోరు తెరవకుండా గెలిచాడు!”

పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. “నా బకెట్టేదీ?”

రూలోఫ్‌కి ఆ మాట అర్థమవడానికి అనువాదం అక్కర్లేకపోయింది. మొహం ఎర్రబడింది. “రెండో కారు వచ్చింది” అన్నాడు మెల్లగా. “వాళ్లు బకెట్టు చూపించారు. నాకేం చెయ్యాలో తెలీలేదు. ఈసారి వెంటనే ఒప్పేసుకున్నాను.” ఒక చిన్న నోటు విడిగా చాపాడు. “మీ ఇంటి మనిషే కదా అని ఊరుకున్నాను” అంది పక్క పీట ఆమె.

“ఇంతకా!” పెద్దమ్మ ఆ నోటును చచ్చిన ఎలుకలా వేళ్ల కొసలతో పట్టుకుంది. “తనవేమో బంగారం ధరకి, నావేమో గడ్డి ధరకి! ఈ పొడుగు సన్నాసిని దేశాల లెక్కలు చూడమని ఎవరు కూర్చోబెట్టారే?”

“ఏమంటున్నారు?”

“కొంచెం తక్కువకి ఇచ్చారంటోంది.”

రూలోఫ్ తన చేతిలో ఉన్న మొత్తమంతా పెద్దమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ చూసింది, ఏప్రన్ జేబులో దోపుకుంది, గొంతు మార్చింది. “సరే, భోజనానికి రమ్మను. అలా ఎండిపోయి ఉన్నాడేంటి పాపం.”

కోటు జేబులో దాచుకున్న ఒక పెద్ద బరావికస్‌ని ఆయన వంటింట్లో బయటికి తీశాడు. మొదట దొరికింది అదే. ఎవరెంత ఇస్తామన్నా ఇవ్వలేదట. పెద్దమ్మ తన ఇంట్లో ఉన్నవాటితో కలిపి ఉల్లిపాయలూ పుల్లటి మీగడా వేసి వేయించి, ఉడికిన బంగాళాదుంపల మీద వడ్డించింది. ఆయన రెండోసారి వడ్డించుకున్నాడు. మూడోసారి అడగకుండానే పెద్దమ్మ వేసింది.

“అమ్మినవి నా ముసాయిదా ప్రకారం కూడా ఉత్పత్తే” అన్నాడు తింటూ తింటూ. “ఇది నా జేబులో మిగిలింది కాబట్టి కాలక్షేపం. రెండూ ఒకే చెట్టు కింద, ఒకే నడుంనొప్పితో కోశాను.” కాసేపు నమిలాడు. “సరే, ఒప్పుకుంటాను. కానీ ఎంత ఏరుతున్నారో మీకెలా తెలుస్తుంది?”

“ఇంటింటికీ వెళ్లి అడుగుతాం.”

“ఈవిణ్ణి అడిగారా?”

స్కైస్తే పెద్దమ్మ వైపు తిరిగి అడిగింది.

“అడక్కేం? పోయినేడు మీ ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చింది. సూపుకి సరిపడా రెండో మూడో దొరుకుతాయని చెప్పి పంపాను.” పెద్దమ్మ తలకి పైగా, పొయ్యి పైన, దండలు గుచ్చిన పుట్టగొడుగులు బారులుగా ఎండుతున్నాయి. “ఎక్కువ చెప్తే ఎక్కడ దొరికాయంటుంది. ఆ తర్వాత విల్నియస్ అంతా నా అడవిలోనే ఉంటుంది!”

రూలోఫ్ ఫోర్కు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. పొద్దుట్నుంచీ పెద్దమ్మ మాటలకు స్కైస్తే నానా మెరుగులూ దిద్దింది. ఇక్కడ కూడా దిద్దొచ్చు. సర్వే బాగా జరిగింది అంటే చాలు, వాక్యం బతుకుతుంది, ఆయన ఆదివారం విమానం ఎక్కుతాడు. కానీ పొడుగాయన తన బూట్లను సంచుల్లో కట్టించుకుని, నవ్వులపాలై, ఒప్పుకుంటానని తనంతట తనే అన్నాక ఆమెకు నోరు రాలేదు. పెద్దమ్మ అన్నది అన్నట్టు, మాట పొల్లుపోకుండా చెప్పేసింది.

రూలోఫ్ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. రెండురోజుల సమావేశంలో ఒక్కసారి కూడా పళ్లు కనబడని మనిషి బల్ల అదిరేలా నవ్వాడు. “అయితే మీ వాక్యం నిజం, మీ అంకె అబద్ధం!”

“అవును” అంది స్కైస్తే, తనకూ నవ్వు ఆగక. “కొట్టేస్తారా మరి?”

“కొట్టెయ్యను. ఎలా కొలవాలో మీరే రాయండి. నమ్మేలా ఉంటే రెండూ పుస్తకంలోకి వెళ్తాయి.”

అలా ఒక వాక్యం కాపాడుకోబోయి ఆమె నాలుగు పేజీల పని నెత్తికెత్తుకుంది. ఏం రాయాలో ఆ క్షణాన ఆమెకు తెలియదు. భోజనాలయ్యాక పెద్దమ్మ అతిథిని నేలమాళిగలోకి తీసుకెళ్లి దీపం వేసింది. “ఇవి ఉప్పులోవి, ఇవి వెనిగర్‌లోవి, ఇవి ఎండువి. అదిగో, ఆ అర అంతా ఎర్రపండ్లే. మా వీధిలో ఇన్ని సీసాలు ఎవరికున్నాయో చెప్పమను!” అని ఒక్కో అరా తట్టి చూపించింది. మెట్ల మీద నిలబడ్డ స్కైస్తేకి అప్పుడు తట్టింది. అడవిలో ఎంత ఏరావని అడిగితే ఎవరూ నిజం చెప్పరు. శీతకాలానికి ఎన్ని సీసాలు దాచావని అడిగితే గొప్ప కోసమైనా చెప్తారు. కొందరు ఎక్కువే చెప్తారు. వాళ్లకి నేలమాళిగ చూపించమంటే సరి.

చలికాలమంతా ఆమె ఆ పద్ధతిని ఊళ్లలో పరీక్షించింది. జనం చూపించడమే కాదు, సర్వేవాళ్లకు తలో సీసా చేతిలో పెట్టి పంపారు. వసంతంలో లక్సెంబర్గ్‌లో జరిగిన సమావేశంలో రూలోఫ్ ఆ పేజీలను తనే చదివి వినిపించాడు. ఫిన్లాండ్ ఆవిడ బల్ల చరిచి మెచ్చుకుంది. ఎవరో సీసాల సైజు గురించి సణిగారు. సైజుల గురించి ఇంకో వాక్యం చేర్చారు. వాక్యం నిలబడింది.

బయటికొచ్చి స్కైస్తే పెద్దమ్మకు ఫోన్ చేసింది.

“పుస్తకంలోకి ఎక్కావు పెద్దమ్మా! నువ్వు వండుకునేది కూడా దేశ ఉత్పత్తే, ఖాయం చేశారు.”

“ఇన్నాళ్లూ ఏమనుకున్నారంట?” అంది పెద్దమ్మ. పక్కన కోళ్ల గోల వినిపిస్తోంది. “పన్ను గిన్ను వేస్తారా?”

“వెయ్యరు.”

“అయితే రాసుకోమను.”

ఆ ఏడు అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఆఫీసుకి రూలోఫ్ ఫోన్ చేశాడు. గొంతు అదోలా ఉంది. తమ ఊరి అడవిలో పుట్టగొడుగులు కోస్తుంటే అటవీ కాపలాదారు పట్టుకున్నాడట. అక్కడ కొయ్యడం నిషేధమట. బుట్ట లాక్కుని, జరిమానా వేసి, ఈ వయసులో సిగ్గులేదా అన్నాడట.

“మా దేశంలో ఇది ఉత్పత్తీ కాదు, కాలక్షేపమూ కాదు, నేరం” అన్నాడు దిగాలుగా.

“చట్టం ఒప్పుకోని ఉత్పత్తి కూడా ఉత్పత్తేనండీ, వేరే అధ్యాయంలో ఉంది” అంది స్కైస్తే. “మీరు మరిచిపోయినట్టున్నారు.”

అవతల నుంచి ఆ రోజు వంటింట్లో విన్న నవ్వే, ఫోను పగిలిపోయేలా. పక్క గదిలోంచి డైరెక్టరు ఏమైందోనని తొంగిచూశాడు.