వాడని బ్రేకు

కారు కీచుమంటోందని మొదట కనిపెట్టింది మామగారే. కనిపెట్టిన మరుక్షణం దోషినీ ఆయనే తేల్చేశారు.

"అంతా నీ కాలి చలవేనమ్మాయ్," అన్నారు కోడలితో. "బ్రేకు మీద రోకలిపోటు వేసినట్టు వేస్తావు. అరగక ఏం చేస్తుంది?"

ఆయన ముప్పయ్యారేళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. తన బస్సుకు బ్రేకులు మార్చినంత తక్కువసార్లు డిపోలో ఇంకే బస్సుకూ మార్చలేదని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవారు. ఇంట్లో ఉన్నది ఒకటే ఎలక్ట్రిక్ కారు. పొద్దున ఆయన మనవరాలిని బడిలో దింపి వస్తారు. మధ్యాహ్నం నుంచి కోడలు తీసుకెళుతుంది. ఆమె ఫిజియోథెరపిస్టు. మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్లి కాళ్లూ చేతులూ ఆడించి, లేపి నడిపించే పని. రోజుకు ఐదారిళ్లు తిరగాలి.

మూడు వారాలపాటు భోజనాల దగ్గర ఆమె కాలి గురించే చర్చ. భర్త కూడా కంచంలోంచి తలెత్తకుండా, "నాన్న అంటున్నారంటే ఏదో ఉండే ఉంటుంది. కాస్త మెల్లగా తొక్కరాదూ?" అన్నాడు.

ఆమె కారును కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లింది. టై కట్టుకున్న కుర్రాడొకడు కారు చుట్టూ ఓసారి తిరిగాడు. నడుమైనా వంచలేదు.

"ఎక్కువగా ఎవరు నడుపుతారు మేడమ్?"

"నేనే."

"అదీ సంగతి. సడన్ బ్రేకులు తగ్గించండి, సరిపోతుంది."

"చక్రం విప్పి చూశారా?"

"అవసరం లేదు మేడమ్."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "మోకాలు ముట్టుకోకుండా నొప్పి ఎక్కడో చెప్తే నన్ను రోగులు ఇంట్లోంచి గెంటేస్తారు. మీరు చక్రం ముట్టుకోకుండా నా కాలికి జబ్బు అంటగట్టారు!" అని తాళాలు లాక్కుని వచ్చేసింది.

శనివారం పొద్దున మామగారి ముందు నిలబడింది.

"బయల్దేరండి మామయ్యా. ఇంకో మెకానిక్‌ను కనుక్కున్నాను. తప్పు నాదైతే మీ ముందే చెప్పనివ్వండి. కాకపోతే, అదీ మీ చెవులతోనే వినండి."

ఆ మెకానిక్ గడ్డం నెరిసినవాడు, మాట పొదుపు. ముందు ఇద్దరి చేతా కారు నడిపించి పక్కన కూర్చున్నాడు. తర్వాత లిఫ్టు మీద పైకి లేపి, చక్రాలు ఒక్కొక్కటే చేత్తో తిప్పాడు. వెనక ఎడమ చక్రం అర చుట్టు తిరిగి, కీచుమని ఆగిపోయింది. దాన్ని విప్పాడు. అద్దంలా మెరవాల్సిన డిస్కు గోధుమరంగు తుప్పుతో చారలు తేలి ఉంది.

"చూడండి," అని బ్రేకు ప్యాడ్ తీసి మామగారి చేతిలో పెట్టాడు. "ఎంత దళసరిగా ఉందో! కొత్తదానిలా ఉంది. ఇది అరిగి పాడవలేదు. వాడకపోవడం వల్ల పాడైంది."

మామగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. మెకానిక్ లోపలున్న వేలెడంత పిన్నును చూపించాడు. "బ్రేకు దీని మీదే ముందుకూ వెనక్కూ జరగాలి. తుప్పుకు బిగుసుకుపోయింది. పట్టిన బ్రేకు వదలట్లేదు. ఈ బండికి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, మోటారే వేగం తగ్గించేస్తుంది. ఆ సెట్టింగు పూర్తిగా పెంచి ఉంది. ఎవరు పెంచారు?"

"నేనే," అన్నారు మామగారు. "నెల రోజులు బ్రేకు ముట్టకుండా నడిపాను." గొంతులో గర్వం ఇంకా పోలేదు.

"కడిగేదెవరు?"

"నేనే. బడి నుంచి రాగానే పైపు పెట్టి, చక్రాలతో సహా."

"రోజూ తడుపుతారు, తడి ఆరేలా బ్రేకు మాత్రం వేయరు. తుప్పు పట్టక పూలు పూస్తాయా? బ్రేకు బలం ఎక్కువగా ముందు చక్రాల మీదే పడుతుంది, ఈవిడ తొక్కబట్టే అవైనా బాగున్నాయి."

కోడలు మామగారి వైపే చూస్తోంది, ఒక్క మాట కోసం. ఆయన ప్యాడ్‌ను బల్ల మీద పడేసి, "ఇదేం దిక్కుమాలిన బండి! వాడకపోతే పాడయ్యే బ్రేకు ఎక్కడైనా ఉందా?" అని అరిచారు.

"బండిని తిడతారేం? మూడు వారాలు మీరు తిట్టింది నన్ను!"

మెకానిక్ ఇద్దరినీ పట్టించుకోలేదు. పిన్నులు ఊడబెరికి, శుభ్రంగా గీకి, బ్రేకులకు వాడే గ్రీజు రాసి మళ్లీ బిగించాడు. "డిస్కు మీద మిగిలిన తుప్పు రోడ్డు మీదే పోవాలి. వేగం అరవైకి తీసుకెళ్లి, మోటారు అడ్డుపడకుండా న్యూట్రల్ చేసి, గట్టిగా బ్రేకు వేసి పదికి తెండి. పదిసార్లు. మధ్య మధ్య చల్లారనివ్వండి," అన్నాడు.

ఆమె తాళాలు మామగారికే ఇచ్చింది. గోదాముల వెనక రోడ్డు ఖాళీగా ఉంది. మొదటిసారి ఆయన కాలు పెడల్‌ను తాకీ తాకనట్టు తాకింది.

"ఇది బ్రేకా మామయ్యా? పసిపిల్ల బుగ్గ నిమిరినట్టుంది. గట్టిగా!"

నాలుగోసారికి ఆయనకు తిక్క రేగింది. బలమంతా పెట్టి తొక్కారు. సీటు బెల్టులు ఇద్దరి గుండెల మీదా బిగుసుకున్నాయి.

"చాలా?" అని గర్జించారు.

"చాలదు. ఇంకా ఆరున్నాయి!"

ఏడోసారి తర్వాత కారు పక్కకు తీసి ఆపేశారు. స్టీరింగు వదిలేశారు. "ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి ఇలాగే తొక్కాను," అన్నారు. "బస్సులో నిలబడి ఉన్న ముసలావిడ వచ్చి నా పక్కనున్న ఇంజిన్ మూత మీద పడింది. తుంటి విరిగింది. మళ్లీ నడిచిందో లేదో తెలీదు. అప్పట్నుంచీ గట్టిగా తొక్కడానికి నా కాలు రాదు."

విరిగిన తుంటి అంటే ఏమిటో ఆమెకు రోజూ తెలుస్తూనే ఉంటుంది. జాలి కలిగింది. కోపం మాత్రం కదల్లేదు.

"ఆ సంగతి మూడు వారాల కిందట చెప్పి ఉంటే కూర్చుని వినేదాన్ని. మీరు నా కాలు రోకలన్నారు. మీ అబ్బాయి ముందు, పాప ముందు అన్నారు."

"తప్పే," అన్నారాయన, నోట్లో పడ్డ రాయిని ఉమ్మేసినట్టు.

"ఇంకా మూడున్నాయి. కానివ్వండి."

పదోసారి కారు కిక్కురుమనకుండా ఆగింది.

ఇంటికి రాగానే భర్త గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "ఏమన్నాడు మెకానిక్? మెల్లగా తొక్కమన్నాడా?"

"నోర్ముయ్‌రా," అన్నారు మామగారు. "ఆ చప్పుడు నా వల్ల వచ్చింది. అమ్మాయి తప్పేం లేదు." ఆగకుండా లోపలికి వెళ్లిపోయారు.

భర్త పగలబడి నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"నవ్వకు. ఆయన బస్సు నడిపిన మనిషి. తెలుసనుకుని అన్నారు. నీకేం తెలుసని అన్నావు?"

జవాబు దొరికేదాకా తనతో మాట్లాడొద్దని చెప్పి, ఆమె అప్పటికే వెళ్లాల్సిన వేళ దాటిపోయిన రోగి ఇంటికి బయల్దేరింది.