దారం చుట్టిన గొంతు

మా దర్జీ కొలతలు తీసుకోవడం చూసి తీరాలి. ఒకసారి ఒక లావుపాటి కాంట్రాక్టరు వచ్చి నిలబడితే, టేపు పట్టుకుని ఆయన వెనక్కి వెళ్ళినవాడు భోజనాల వేళకు గానీ మళ్ళీ ముందుకు రాలేదు. నమ్మకపోతే మీ ఇష్టం. ఎవరికి కొలిచినా చివర్లో "ఓ అరంగుళం వదులుంచుదాం" అంటాడు కాబట్టి వాడి పేరు అరంగుళమైపోయింది. అసలు పేరు వాళ్ళావిడకైనా గుర్తుందో లేదో నాకు అనుమానమే.

నాది గడియారాల రిపేరు కొట్టు, వాడి కొట్టుకు ఎదురుగా. ఇద్దరం ఒకే బడిలో చదివాం. ఒకే గదిలో నాలుగు క్లాసులు, ఒకే పంతులు. రెండో క్లాసు లెక్కలు నాలుగో క్లాసు బుర్రల్లో పడేవి, నాలుగో క్లాసు దెబ్బలు రెండో క్లాసు వీపుల మీద పడేవి. ఆ చదువు ఫలితం ముందు ముందు మీకే తెలుస్తుంది.

అరంగుళానికి లోకంలో ఒకటే పిచ్చి. నలభై ఏళ్ళ కిందట, ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర రికార్డు ప్లేయరు కొన్నాడు. దానితోపాటు నాలుగు పెద్ద రికార్డులు వచ్చాయి. నాలుగూ ఒకే బృందానివి. ఏ భాషో మా ఇద్దరికీ తెలియదు. అట్ట మీద అక్షరాలు చీమలు బారులు తీరినట్టుంటాయి. ఫోటోలో నలుగురు మగవాళ్ళు, మధ్యలో ఒక ఆడమనిషి. రికార్డు వేస్తే ఆడగొంతు. ఇంకేముంది, ఆవిడే పాడుతోందని తేల్చేశాడు. ఆవిడ చేతిలో రెండు పుల్లలుంటే, అవి స్వెట్టరు అల్లే సూదులన్నాడు. పాట మధ్యలో కూడా చేతిపని మానని మనిషిట. "మన వృత్తి మనిషేరా" అని నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఆవిడ జాకెట్టు భుజం దగ్గర ముడత పడిందని, అది కుట్టినవాడు దొరికితే చేతులు విరగ్గొడతానని కూడా అనేవాడు.

రోజూ పొద్దున కొట్టు తెరిచే ముందు రికార్డు ఒక వైపు వేసేవాడు, సాయంత్రం కొట్టు మూశాక రెండో వైపు. ఆ నలభై ఏళ్ళలో ఎన్ని జ్వరాలు వచ్చాయో, ఎన్ని వానలు పడ్డాయో, అది మాత్రం తప్పలేదు. వాడి ఇల్లు కొట్టు వెనకే కాబట్టి నాకూ వినపడేది. చెల్లెమ్మ, అంటే వాళ్ళావిడ, పాట మొదలవగానే వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు సర్దేది. సర్దిన గిన్నెలే మళ్ళీ సర్దేది, వీలైనంత చప్పుడుతో. ఆ పాడేమనిషికి ఆవిడ పెట్టిన పేరు సవతి. "మా సవతి కాఫీ తాగిందా, లేక వట్టి కడుపుతోనే పాడుతోందా?" అని అడిగేది. వాడు నవ్వేవాడు.

ఒకసారి రేడియోలో అదే పాట మగగొంతులో వచ్చింది. అరంగుళం అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. ఎవడో మగాడు ఆవిడ పాట దొంగిలించి పాడుతున్నాడని, మీరు చూస్తూ ఊరుకుంటున్నారేమని రేడియో వాళ్ళకు మూడు పేజీల ఉత్తరం రాశాడు. అక్షరదోషాలు దిద్దింది నేనే. జవాబు రాలేదు. పై నుంచి ఒత్తిడి ఉండి ఉంటుందని ఇద్దరం అనుకున్నాం.

పోయిన నెల ఒక పొద్దున, జ్వరమొచ్చిన పిల్లని ఎత్తుకొచ్చినట్టు ప్లేయరుని దుప్పట్లో చుట్టి నా కొట్టుకు తెచ్చాడు. లోపల బెల్టు తెగిపోయింది. విప్పి చూస్తే మోటారు ఇరుసు మీద నల్లగా ఏదో గడ్డకట్టి ఉంది. గీకితే దారం. ఇదేమిట్రా అంటే, కొన్న వారంలోనే బెల్టు జారుతుంటే పట్టు కోసం నాలుగు చుట్లు దారం చుట్టానన్నాడు. నాలుగు చుట్లు కాదు, అందులో ఒక చొక్కాకి సరిపడా దారముంది. నూనె, దుమ్ము పట్టి రాయిలా బిగిసిపోయింది.

గడియారాలు బాగుచేసేవాడికి తప్పు తిరిగే చక్రాన్ని చూస్తే నిద్రపట్టదు. బ్లేడుతో దారమంతా ఒలిచేశాను. ఇరుసు తళతళలాడింది. కొత్త బెల్టు వేసి, రికార్డు తిరిగే పళ్ళెం అంచున సుద్దముక్కతో గీత పెట్టి, గడియారం చూస్తూ లెక్కపెట్టాను. నిమిషానికి ముప్ఫై మూడు చుట్లు, మీద ఇంకో ముక్క. ఎలా తిరగాలో అలా. నా జన్మలో అంత శుద్ధమైన పని ఇంకోటి చేయలేదు.

నేనే మోసుకెళ్ళి వాళ్ళ ముందుగదిలో పెట్టాను. వాడు రికార్డు తుడిచి సూది వేశాడు.

మగాడు పాడాడు.

వాడు సూది ఎత్తి రికార్డు తిప్పి చూశాడు. మళ్ళీ వేశాడు. మగాడే. రెండో రికార్డు, మూడోది, నాలుగోది. నాలుగింట్లోనూ ఆ మగాడే, తాపీగా, సన్నటి గొంతుతో. నేను నోరు మూసుకుని ఉండొచ్చు కదా. నాకొచ్చిన రెండో క్లాసు లెక్క విప్పాను: దారం వల్ల ఇరుసు లావెక్కింది, ఇరుసు లావైతే పళ్ళెం జోరెక్కుతుంది, ముప్ఫై మూడు తిరగాల్సింది నలభై తిరిగింది, జోరెక్కితే గొంతు సన్నబడుతుంది. రేడియోలో విన్నదే అసలుది. ఆవిడ చేతిలోవి డ్రమ్ము వాయించే పుల్లలు.

వంటింట్లోంచి చెల్లెమ్మ నవ్వు వినపడింది. నవ్వుతూనే గుమ్మంలోకి వచ్చి, మొగుడి మొహం చూసి ఆపేసింది. వాడు మూత వేసి, దాని మీద దుప్పటి కప్పాడు.

తరవాత ఎనిమిది రోజులు ఆ ఇంట్లో పాట లేదు. వాడు మిషను ముందు కూర్చుని కుడుతూనే ఉన్నాడు గానీ, ఎవరికీ అరంగుళం వదులుంచుదామనలేదు. బ్యాంకు గుమస్తా కొత్త చొక్కా వేసుకుని బస్సులో పైకడ్డీ పట్టుకుంటే రెండు చంకలూ పటపటమని పిగిలాయిట. నేను పలకరిస్తే తల కూడా ఎత్తలేదు. మేం రెండో క్లాసులో బలపం కోసం కొట్టుకున్నప్పుడు కూడా రెండు రోజులే మాట్లాడుకోలేదు.

తొమ్మిదో రోజు చెల్లెమ్మ నా కొట్టుకు వచ్చింది. బల్ల మీద నల్లదారం ఉండ పెట్టింది.

"సవతితో నలభై ఏళ్ళు వేగాను అన్నయ్యా. ఆవిడ పోయిందని ఏడ్చే మనిషితో వేగడం నా వల్ల కాదు. మళ్ళీ చుట్టేసి రా."

వెళ్ళాను. ఇరుసుకు దారం చుట్టి, మళ్ళీ సుద్దగీత పెట్టి లెక్కపెట్టి, సరిగ్గా నలభై వచ్చేదాకా చుట్టాను. గడియారాల మనిషిని, నా చేత్తో తప్పు తిరిగేలా చేశాను. అదెంత పాపమో నాకు తెలుసు. సూది వేశాడు. ఆడగొంతు వచ్చింది. ఒక్క చరణం విన్నాడో లేదో, ఎత్తేశాడు.

"వద్దురా. మగాడు పరిగెడుతున్నట్టుంది."

మళ్ళీ దారం విప్పాను. ఆ ఉండ చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. నేను లేవబోతుంటే అన్నాడు:

"నలభై ఏళ్ళు ఆయనకి బిగుతు చొక్కా తొడిగి పాడించానురా. ఊపిరి కూడా తీసుకోనివ్వలేదు."

సూది వేశాడు. ఆ గొంతు నెమ్మదిగా మొదలైంది. నాకు పాటలు తెలియవు, నాకు తెలిసిన చప్పుడల్లా టిక్కు టిక్కే. అయినా మొదటి చరణానికీ రెండో చరణానికీ నడుమ ఆ పాడేమనిషి ఊపిరి తీసుకోవడం నాకే వినపడింది. వాడు తల పక్కకి వాల్చాడు. మళ్ళీ అక్కడే సూది వేశాడు. మళ్ళీ ఊపిరి. ఆవిడ ఇక్కడ ఆగేది కాదన్నాడు, ఆ మాటలో దిగులు పోలేదు గానీ సూది మాత్రం ఎత్తలేదు. పాట సాగింది. వాడికి ప్రతి మలుపూ తెలుసు, కానీ ప్రతి మలుపూ వాడు అనుకున్నదానికన్నా కాస్త ఆలస్యంగా వస్తోంది. రాబోయే బస్సు కోసం చూసినట్టు మెడ సాచి విన్నాడు. వచ్చిన ప్రతిసారీ మెడ కొంచెం దించాడు.

అప్పుడు గమనించాను, వంటింట్లో గిన్నెలు మోగడం లేదు. చెల్లెమ్మ చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది. కాసేపటికి వచ్చి, కొలతలకు వచ్చినవాళ్ళు కూర్చునే స్టూలు మీద కూర్చుంది. నలభై ఏళ్ళలో ఆ పాట మోగుతుండగా ఆవిడ ఆ గదిలో కూర్చోవడం అదే మొదలు. రికార్డు ఆ వైపు పూర్తిగా అయిపోయేదాకా కదల్లేదు.

"ఎంత బాగా పాడుతున్నాడండీ," అంది. "మనసులో ఏదో పెట్టుకుని పాడుతున్నాడు. ఇంకోసారి వెయ్యండి."

అరంగుళం ఆవిడ వైపు చూశాడు. తరవాత నా వైపు చూశాడు. నేను గోడగడియారం వైపు చూశాను.

"ఊరికే వేస్తే సూది అరిగిపోతుంది," అన్నాడు.

నలభై ఏళ్ళలో వాడు సూది గురించి బెంగపడటం నేను వినలేదు. ఆవిడ స్టూలు దిగలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, ఇంకాస్త సర్దుకుని కూర్చుంది. వాడు లేచాడు, రికార్డు తుడిచాడు, నిజానికి అంత తుడవక్కర్లేదు. సూది వేసి, తన కుర్చీ లాక్కొచ్చి ఆవిడకీ ప్లేయరుకీ మధ్యలో వేసుకుని కూర్చున్నాడు.